ముడిచిన వేళ్ల లెక్క

జూన్ 14

అక్కకి,

మీ ట్రైనింగు కాలేజీ పంపిన ఇద్దరు కొత్త టీచర్లు సోమవారం మా బళ్లో చేరారు. ఎనిమిది వారాలు నా రెండో తరగతిలో ఉండి పాఠం చెప్పడం నేర్చుకుంటారట. వాళ్లతో పాటు నువ్వు రాసిన కరదీపిక కూడా వచ్చింది. "నగర పాఠశాలల్లో భిన్న నేపథ్యాల పిల్లలు", రెండు వందల పద్నాలుగు పేజీలు. మా హెడ్మాస్టరు ఒక కాపీని రెండు చేతులా అందుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు, పిల్లలు పాడుచేస్తారని. నాకిచ్చిన కాపీని తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. బరువు సరిగ్గా సరిపోయింది. నువ్వు రాసినవాటిల్లో మా తరగతికి పనికొచ్చిన మొదటిది ఇదే.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను చివరిదాకా తిట్టనివ్వవు. మధ్యలో "సరేలే, ఇక్కడ మీటింగుంది" అంటావు. ఉత్తరానికి ఆ భయం లేదు.

అరవై ఒకటో పేజీ చదివాను. "ప్రతి బిడ్డా ఒక పువ్వు, తరగతి ఒక తోట." తోటే అనుకో. నా తోటలో ముప్పై ఎనిమిది మంది. ఇళ్లల్లో మాట్లాడుకునే భాషలు తొమ్మిది. రేవులో సరుకు దించేవాళ్ల పిల్లలున్నారు, కట్టడాల పనికి వచ్చినవాళ్ల పిల్లలున్నారు, ఒక నర్సు కూతురుంది, ఏ ఊరినుంచి వచ్చారని అడిగితే తల్లి ముఖం తెల్లబోయే కవలలున్నారు. కిటికీ అవతల లారీల రిపేరు షెడ్డు. అక్కడ సుత్తి ఆగినప్పుడల్లా నేనొక వాక్యం చెబుతాను. బడి భాష సగం మందికి రాదు. అయినా నా లెక్కల పాఠం ఏ రోజూ ఆగలేదు, ఎందుకంటే నాకో పద్ధతుంది. నోటితో చెప్పలేనివాళ్లు వేళ్లతో చూపిస్తారు. రెండూ ఒకటీ ఎంతంటే మూడు వేళ్లు. పదిహేడేళ్లుగా నడుస్తోంది. నీ రెండు వందల పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఒక్క మొండి పిల్ల మాత్రం ఉంది. తోచిన వేళ్లు చూపిస్తుంది, ఒక్కోసారి పిడికిలి బిగించి నా ముఖం మీదికే పెడుతుంది. దానికి పిడికిలి అని పేరు పెట్టి, వెనకబడ్డవాళ్ల బెంచీలో కూర్చోబెట్టాను.

ఇక నీ ఇద్దరు. మొదటావిడ చప్పట్లమ్మ. ప్రతిదానికీ చప్పట్లు కొట్టిస్తుంది. నిన్న నీ పుస్తకం ప్రకారం "మీ ఇల్లు గీయండి" అంది. కవలల్లో ఒకడు "ఏ ఇల్లు?" అన్నాడు. ఈ ఏడు మూడు చోట్లకి మారారు వాళ్లు. మంచి ప్రశ్న అని చప్పట్లు కొట్టించి పక్క బెంచీకి వెళ్లిపోయింది. రెండో అమ్మాయి నోరు విప్పితే గుసగుసే. అందుకని పేరు కూడా అదే. ఆమె గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేను, వినబడితే కదా.

బావగారికి నమస్కారాలు. నా దవడ పన్ను మళ్లీ పోటు పెడుతోంది.

నీ చెల్లి


జూన్ 23

చిన్నదానికి,

నీ ఉత్తరం మీ బావ రెండుసార్లు చదివి నవ్వారు. నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

ఆ పుస్తకానికి నాలుగేళ్లు పట్టింది. కమిటీలో అధ్యక్షురాలినైన నాతో కలిపి పదకొండు మందిమి. పదకొండు మందీ ఒప్పుకుంటే గానీ ఒక వాక్యం అచ్చుకి వెళ్లదు. అందరూ ఒప్పుకునేది ఏం రాస్తామో నువ్వే ఆలోచించు. పువ్వుల దగ్గర తేలాం. నాకు మాత్రం తెలీదా? అయినా ఏమీ లేనిచోట అదొకటి ఉంది. నువ్వు ఒక గదిలో పదిహేడేళ్లున్నావు. నేను మూడు వందల గదులు చూశాను. నీ గదే లోకమనుకోవడం నీకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బే.

పన్ను గురించి ఇలా ఉత్తరాల్లో రాసే బదులు డాక్టరు దగ్గరికి వెళ్లు.

అసలు విషయానికొస్తాను. ఆ రెండో అమ్మాయిని చేర్చుకున్న రోజే ఆమె భాష గురించి కమిటీలో కొందరు అభ్యంతరం చెప్పారు. బడి భాష ఆమెకి ఇంటి భాష కాదు. నేను పట్టుబట్టి సీటు ఇప్పించాను. అందుకే ఆమె ఎలా చేస్తోందో నాకు సరిగ్గా తెలియాలి. మార్గదర్శక టీచర్లందరూ "సంతృప్తికరం" అన్న ఒక్క మాట రాసి చేతులు దులుపుకుంటారు. నువ్వలా చెయ్యవు. నీకు ఎవరి మొహమాటమూ లేదు. ఉన్నదున్నట్టు రాయి.

అక్క


జూలై 4

అక్కకి,

ఉన్నదున్నట్టు కావాలన్నావు. తీసుకో.

గుసగుస ఈ నాలుగు వారాల్లో నీ పాఠ్య ప్రణాళిక ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. బుధవారం పాఠం శుక్రవారానికి కూడా తేలలేదు. నీ పుస్తకంతో వచ్చిన పువ్వుల పటం వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు పిల్లల చేత గీతలు గీయించింది. కుర్చీలో కూర్చోదు, పిల్లల మధ్య నేలమీద కూర్చుంటుంది. ఇన్‌స్పెక్టరు వస్తే టీచరెక్కడని వెతుక్కోవాలి. మాట ఎప్పుడూ తప్పే పలుకుతుంది. నిన్న మూడో బెంచీ అమ్మాయి సరిదిద్దితే ఈవిడగారు థాంక్స్ చెప్పి నోట్‌బుక్కులో రాసుకుంది. పిల్లలు చెబుతున్నారు, టీచరు రాసుకుంటోంది. చూడముచ్చటగా ఉంది.

పైగా మొన్న తరగతి అందరి ముందూ నన్నే సరిదిద్దింది. నా వేళ్ల లెక్కలో తప్పుందట. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. ముప్పై ఎనిమిది జతల కళ్లు నా వైపు తిరిగాయి.

చప్పట్లమ్మ మాత్రం బంగారం. నీ కరదీపిక కంఠతా పట్టేసింది. నలభై నిమిషాల పాఠమంటే నలభై నిమిషాలకి ఆపేస్తుంది, పిల్లలకి అర్థమైందా లేదా అన్న చాదస్తం పెట్టుకోకుండా. నీ కొలబద్దతో కొలిస్తే ఆవిడ నూటికి నూరు, గుసగుస సున్నా. ఇక నీ పుస్తకం పుట్టిన ప్రయోజనం నెరవేరినట్టే.

నీ మాట విని డాక్టరు దగ్గరికి వెళ్లాను. పుచ్చిన పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకాడు. రేపు మళ్లీ రమ్మన్నాడు.

చెల్లి


జూలై 13

చిన్నదానికి,

నీ మీద గౌరవం పెరిగింది. ఇంత వివరంగా, ఇంత నిష్పక్షపాతంగా నువ్వు రాస్తావనుకోలేదు.

నీ ఉత్తరంలో ఆ భాగం మొన్నటి సమావేశంలో చదివి వినిపించాను. నీ గురించి "అనుభవజ్ఞురాలైన ఒక టీచరు" అని మాత్రమే చెప్పాను. మూడు విషయాలు తేలాయి. ప్రణాళికలు పూర్తి చెయ్యకపోవడం, భాషా ప్రమాణం లేకపోవడం, మార్గదర్శక టీచరుని పిల్లల ముందు కించపరచడం. మొదటి రెండింటికీ హెచ్చరిక సరిపోయేది. మూడోదానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆమె శిక్షణ రద్దు చేశాం. నాకు బాధగానే ఉంది, సీటు ఇప్పించింది నేనే కాబట్టి. కానీ నీ తరగతిలో నీకు మర్యాద లేకపోతే అక్కగా నాకూ మనసొప్పదు.

చప్పట్లమ్మ (నీ పేర్లు నాకూ అంటుకున్నాయి) పాఠాన్ని వీడియో తీసి అన్ని కాలేజీలకీ నమూనాగా పంపాలని తీర్మానించాం. కెమెరా వాళ్లు ఇరవయ్యో తేదీన వస్తారు. ఈలోగా తలుపుకి అడ్డం మరేదైనా పెట్టుకో.

ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లకు.

అక్క


జూలై 17

అక్కా,

నీకు చదవడం వచ్చని ఇన్నాళ్లూ అనుకున్నాను.

మంగళవారం పొద్దున హెడ్మాస్టరు వరండాలో గుసగుసకి కవరిచ్చాడు. ఆమె నిలబడే చదువుకుంది. చదివి, "లెక్క సగంలో ఉంది సార్, ఈ పూట ఉండి పూర్తి చేసి వెళ్తాను" అంది. "రూల్సు ఒప్పుకోవమ్మా" అన్నాడాయన. తన నోట్‌బుక్కు నా బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా గేటు దాటి వెళ్లిపోయింది. ఆ పిడికిలి పిల్ల విరామం గంట కొట్టేదాకా తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. మిగతావాళ్లు నన్ను అడగనైనా లేదు. నా ముఖం చూస్తే తెలిసినట్టుంది.

ఉత్తరం చదివేటప్పుడు రాసిందెవరో కూడా చూసుకోవాలి కదా. పుట్టినప్పటినుంచీ నన్నెరుగుదువు. నా జన్మలో నేనెవర్నైనా మనసారా "బంగారం" అన్నానా? పిల్లలకి అర్థమైందా అని చూడటం చాదస్తమని రాస్తే, అది మెచ్చుకోలని నీకెలా తోచింది? పదకొండు మంది పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని విన్నారు కదా, ఒక్కరికైనా అనుమానం రాలేదా? రాదు. మీరు వాక్యాలు ఒప్పుకోవడానికి కూర్చుంటారు, వినడానికి కాదు.

నేలమీద కూర్చునే గుసగుస దగ్గరికి నా తరగతి మొత్తం జరిగి కూర్చునేది. నేను పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా చూడని సంగతి అది. నాకు నచ్చిందని వేరే రాయాలా?

ఆమెని వెనక్కి పిలిపించు. కెమెరా వాళ్లొస్తే గేటు దగ్గరే ఆపేస్తాను.

చెల్లి


జూలై 24

చెల్లికి,

కెమెరా వాళ్లని నువ్వు ఆపలేదని, హెడ్మాస్టరే ఎదురెళ్లి తీసుకొచ్చాడని తెలిసింది. నలభై నిమిషాల వీడియో బాగా వచ్చిందట.

నీ ఉత్తరం నా ముందుంది. వెటకారమేదో నిజమేదో నేను పోల్చుకోలేదన్నావు. సరే, ఒప్పుకుంటాను. "బంగారం" వెటకారం. "చూడముచ్చట" వెటకారం. మరి ఇది? "మొన్న తరగతి అందరి ముందూ నన్నే సరిదిద్దింది." ఇందులో వెటకారం ఏ అక్షరంలో ఉంది? కమిటీ రద్దు చేసింది ఈ ఒక్క వాక్యం మీదే. ఇది రాసింది నువ్వు. నేను కాదు.

నువ్వెప్పుడూ ఇంతే. నలుగురి మీదా మాటలు విసురుతావు, ఎవరికి తగిలిందో చూడవు. తగిలినవాళ్లు ఏడిస్తే, నేను సరదాకన్నాను, మీకు అర్థం కాలేదంటావు. నీ మాటలు అర్థం చేసుకోవడానికి కూడా ఒక కరదీపిక రాయమంటావా?

నీ కోపమంతా ఎక్కడిదో నాకు తెలుసు. ఈ లెక్చరరు ఉద్యోగం నీకు రావలసిందని, నేను తన్నుకుపోయానని నీ మనసులో ఉంది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇంటర్వ్యూ రోజు నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో నేనడగలేదు, నువ్వు చెప్పలేదు. అప్పటినుంచీ నేను రాసిన ప్రతి కాగితమూ నీకు తలుపు అడ్డమే.

ఇప్పుడు దారి ఒక్కటే ఉంది. ఆ రోజు తరగతిలో జరిగింది జరిగినట్టు, సంతకం పెట్టి కమిటీకి రాయి. చమత్కారాలు వద్దు. నీ తప్పుంటే అది కూడా రాయి. అది చేతికొస్తే నేను కదులుతాను. రాకపోతే కదలను.

అక్క


జూలై 30

అక్కకి,

దీనితో పాటు కమిటీకి రాసిన కాగితం పెడుతున్నాను. అందులో ఉన్నదే నీకూ విడిగా చెబుతాను, ఎందుకంటే ఆ కాగితంలో సిగ్గుపడటానికి చోటు లేదు.

ఆ రోజు లెక్కల పాఠం నాదే. గుసగుస వెనక బెంచీ దగ్గర నేలమీద ఉంది. మూడూ రెండూ ఎంతని అడిగాను. అందరూ చెయ్యి విప్పి ఐదు వేళ్లు చూపించారు. ఆ పిల్ల పిడికిలి చూపించింది. "మళ్లీ మొండితనం" అని రిజిస్టరులో సున్నా వేశాను. అప్పుడు గుసగుస లేచి నా దగ్గరికి వచ్చి చెవిలో ఏదో అంది. లారీ షెడ్డులో సుత్తి మోగుతోంది. "ఏమిటి, గట్టిగా చెప్పు, అందరూ వింటారు" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను వదల్లేదు. "చెప్పు, మేమూ నేర్చుకుంటాం" అన్నాను. ఆ గొంతు నీకు తెలుసు.

అప్పుడు చెప్పింది. "ఆమె చెప్పేది రైటే మేడమ్. వాళ్లింట్లో వేళ్లు ముడిచి లెక్కపెడతారు. ముడిచినవే లెక్క. విప్పి ఉన్నవి కాదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. రిజిస్టరు తిరగేశాను. మూడు చూపించమన్న రోజు రెండు వేళ్లు చూపించిందని రాసుకున్నాను. నాలుగన్న రోజు ఒకటి. ఐదన్న రోజు పిడికిలి. నేను వేసిన ప్రతి సున్నాకీ ఆ పిల్ల సరైన జవాబు చెప్పింది. ఒక్కసారి కూడా తప్పలేదు. తరగతిలో అందరికంటే లెక్కలు బాగా వచ్చిన పిల్లని బడి తెరిచినప్పటినుంచీ వెనక బెంచీలో పెట్టి, పేరు పెట్టి పిలిచి, నవ్వించాను. మిగతా పిల్లలు కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నా పద్ధతి నీ పుస్తకంలో లేదని నీకు గొప్పగా రాశాను కదా, లేకపోవడం మంచిదైంది.

ఆ వారంలోనే నీకు ఉత్తరం రాశాను. "అందరి ముందూ సరిదిద్దింది" అన్నది అబద్ధం. ఆమె చెవిలో చెప్పింది. అందరి ముందూ చెప్పించింది నేను. వెటకారం అని తప్పించుకోవాలని చూశాను గానీ, ఆ వాక్యం మంటతోనే రాశాను. ఉత్తరంలో సగం నీకు గుచ్చుకోవాలని రాశాను, సగం ఆమెకి.

ఇంకోటి. ఇంటర్వ్యూకి ఎందుకు రాలేదంటే జ్వరం రాలేదు, బస్సు తప్పలేదు. భయం. పెద్దవాళ్ల ముందు నాకు నోరు లేవదు. ఏడేళ్ల పిల్లల ముందు లేస్తుంది. నువ్వు లాక్కున్నావని ఇన్నాళ్లూ అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

నిన్న గుసగుస ఇంటికి వెళ్లాను. దర్జీ దుకాణం పైన ఒకటే గది, తల్లీ ఆమే ఉంటారు. తల్లి ఏదో ఆఫీసులో ఊడ్చే పనికి వెళ్లింది. కుర్చీ నాకిచ్చి ఆమె పెట్టె మీద కూర్చుంది.

"కాలేజీ వాళ్లు కారణాలు రాసి పంపారు మేడమ్. పాఠాలు పూర్తి చెయ్యలేదన్నారు. నిజమే. మాట తప్పు పలుకుతానన్నారు. అదీ నిజమే" అంది.

"మూడోది నిజం కాదు కదా" అన్నాను.

"కాదు. కానీ ఆ మాట నేనంటే ఎవరు నమ్ముతారు? మీరంటే నమ్ముతారు."

క్షమించమని అడిగాను. టీ పెట్టనా అంది. మళ్లీ వస్తావా అని అడిగాను. "వస్తాను. కానీ నన్ను వద్దన్నవాళ్లు ఒక్కసారి వచ్చి నా పాఠం చూడాలి. చూసి వద్దంటే నేనే పోతాను. చూడకుండా వద్దంటే ఎలా మేడమ్?"

కాబట్టి బయల్దేరు. నీ పదకొండు మందిలో కదలగలిగినవాళ్లని వెంటబెట్టుకుని రా.

చెల్లి


ఆగస్టు 12

చిన్నదానికి,

నీ కాగితం కమిటీలో చదివాను. మొదటి వాక్యం దగ్గరే ఒకాయన ఆపి, "ఈవిడ మీకు ఏమవుతారు?" అని అడిగాడు. ఇంటిపేరు చూశాడట. చెల్లెలని చెప్పాను. అంటే మీ చెల్లెలు మీకు రాసుకున్న ఉత్తరాన్ని మాకు నివేదికగా చదివారా అన్నాడు. అవునన్నాను. అంతకన్నా ఏం చెప్పాలి? అధ్యక్ష పదవి నుంచి తప్పుకోమన్నారు, తప్పుకున్నాను. మర్యాదగానే అన్నారు. పదకొండు మందీ ఒప్పుకున్న మొదటి మంచి వాక్యం అదేనేమో.

నీ ఉత్తరంలో ఆ లెక్కల రిజిస్టరు సంగతి మీ బావ చదివారు. ఈసారి నవ్వలేదు.

పంతొమ్మిదిన వస్తున్నాం, నేనూ ఇంకో ఇద్దరూ. మూడు రోజులు. మీ ఇంట్లో దిగను, హోటల్లో గది తీసుకున్నాను. అలక కాదు, చుట్టరికం చూపించకూడదని షరతు పెట్టారు.

అక్క


సెప్టెంబరు 1

చిన్నదానికి,

అక్కడ నీతో మాట్లాడలేకపోయాను. నువ్వూ మాట్లాడించలేదు. ఇంటికొచ్చి పదిరోజులైంది. ఇప్పుడు రాస్తున్నాను.

గుసగుస పాఠం చెబుతున్నంతసేపూ మాలో ఒకాయన కునుకు తీశాడు, ఇంకొకాయన "టీచరు గొంతు వినబడటం లేదు" అని రాసుకున్నాడు. పిల్లలకి వినబడుతోంది. ముప్పై ఎనిమిది మందీ ఆమె పెదవులవైపు చూస్తున్నారు. అది రాయడానికి మా ఫారంలో గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే.

రెండో రోజు నువ్వు నా చేతిలో చాక్‌పీసు పెట్టి, "ఒక పీరియడు తీసుకోక్కా" అని వెళ్లిపోయావు. కావాలనే చేశావని తెలుసు. నేను తరగతిలో నిలబడి పదిహేనేళ్లైంది. మొదట నా పువ్వుల పాఠమే చెప్పాను. కవలల్లో చిన్నవాడు లేచి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఇంటి భాషలో మాట్లాడిన పిల్లవాణ్ణి ప్రోత్సహించాలని నేనే రాశాను, నూట పన్నెండో పేజీ. చాలా బాగుందన్నాను. మళ్లీ అన్నాడు. మళ్లీ బాగుందన్నాను. తరగతి చేత చప్పట్లు కొట్టించాను. వాడు అడిగింది బయటికి వెళ్లడానికట. చప్పట్లు అయ్యేలోగా నిక్కరు తడుపుకున్నాడు. నువ్వొచ్చి, ఏమీ అనకుండా వాణ్ణి తీసుకెళ్లి బట్టలు మార్చావు. నువ్వు వెటకారం చేసి ఉంటే బాగుండేదనిపించింది.

ఫలితం చెబుతాను. గుసగుసకి మళ్లీ అవకాశం ఇచ్చారు, కానీ జనవరి నుంచి, మొదటి వారం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అర సంవత్సరం పోయినట్టే. తప్పు మాదని కాగితం మీద రాయమన్నాను. రాయరట. చప్పట్లమ్మ మొదటి శ్రేణిలో పాసైంది. ఆమె వీడియో ఇరవై రెండు కాలేజీలకి వెళ్లింది.

అక్క


అక్టోబరు 19

అక్కకి,

చప్పట్లమ్మ వీడియో మా బడికి కూడా పంపారు. హెడ్మాస్టరు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి చూపించాడు. అందులో వెనకగా ఒక మూల నేనూ ఉన్నాను, చప్పట్లు కొడుతూ. ఎప్పుడు కొట్టానో గుర్తులేదు. మనిషి దేనికైనా అలవాటుపడతాడు.

ఆ పిల్ల వెళ్లిపోయింది. పిడికిలి అని ఇప్పుడు నేననడం లేదు, పిల్లల చేత కూడా మాన్పించాను, అందుకు మూడు వారాలు పట్టింది. జూలైలోనే మొదటి బెంచీలోకి మార్చాను. పక్కపిల్లకి తీసివేతలు నేర్పేది, వేళ్లు ముడిచే. పక్కపిల్లా అలాగే నేర్చుకుంది, ఇప్పుడు ఆ బెంచీలో ముగ్గురు ముడిచే లెక్కపెడతారు. పోయిన సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. శుక్రవారం మనిషిని పంపితే గది ఖాళీ. వాళ్ల నాన్న కట్టే భవనం పూర్తయిందట, వేరే ఊళ్లో ఇంకోటి మొదలైందట. ఏ ఊరో మేస్త్రీకి తెలీదు.

బదిలీ సర్టిఫికెట్టు రాసి పెట్టాను. వెనకవైపు పెన్సిలుతో రాశాను, ఈ అమ్మాయి పిడికిలి చూపిస్తే ఐదని అర్థం అని. ఎవరూ తీసుకెళ్లడానికి రాలేదు. ఎక్కడో ఒక తరగతిలో ఇప్పుడు మళ్లీ సున్నాలు పడుతుంటాయి. ఆ టీచరు కూడా తనకి చాలా మంచి పద్ధతి ఉందనుకుంటూ ఉంటుంది.

గుసగుసకి చెప్పాను. "జనవరిలో కొత్త పిల్లలెవరైనా చేరతారా మేడమ్?" అని అడిగింది.

చెల్లి


డిసెంబరు 27

చిన్నదానికి,

కరదీపిక రెండో ముద్రణకి వెళ్తోంది. పువ్వులున్న నాలుగో అధ్యాయం కొట్టేశాను. అక్కడ ఏం రాయాలో తెలీక ఊరుకున్నాను. కొత్త అధ్యక్షుడు పువ్వులకి బదులు ఇంద్రధనుస్సు పెడదామన్నాడు. ఆ సమావేశంలోనే లేచి, రెండేళ్లు నన్ను ఏదైనా బడికి పంపమని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఈ వయసులో ఎందుకండీ అన్నాడొకాయన. రైల్వే యార్డు పక్కనున్న బడిలో రెండో తరగతి ఇచ్చారు. నలభై ఒక్క మంది. ఎన్ని భాషలో వాళ్లకే తెలీదట.

వచ్చే నెల రెండో సోమవారం చేరాలి. మీ బావ ధైర్యం చెబుతున్నారు గానీ, ఆయనకి ఏం తెలుసు? నాకు భయంగా ఉంది. ఇది ఎవరికీ చెప్పకు. మొదటి రోజు గదిలోకి వెళ్లగానే ఏం చెయ్యాలి? నిన్నే అడుగుతున్నాను. వెటకారం లేకుండా రాయి.

అక్క


డిసెంబరు 30

అక్కకి,

నువ్వు మొదటి రోజు ఏం చెప్పాలో రెండు వందల పద్నాలుగు పేజీలు రాసినదానివి, నన్నడుగుతున్నావు. అయిపోయింది, ఇక వెటకారం లేదు.

పాఠం ఏదైనా పర్లేదు. ముందు అందరికీ కూర్చోవడానికి చోటుందో లేదో చూసుకో. నా మొదటి రోజున ముగ్గురికి లేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. చోటు లేదని బడి భాషలో ఎలా చెప్పాలో వాళ్లకి తెలీదు. నేను పాఠం చెబుతూనే ఉన్నాను. మధ్యాహ్నం గంట కొట్టి అందరూ లేచాక గానీ వాళ్లు పొద్దుటినుంచీ నిలబడే ఉన్నారని నాకు తెలీలేదు.

ఆ సాయంత్రం నీకు ఉత్తరం రాశాను, మొదటి రోజు చాలా బాగా జరిగిందని.

చెల్లి